ముక్కు మేడం సైడు బ్యాగులు

నీళ్ళ పరీక్షల ల్యాబులో ఆమెను అందరూ ముక్కు మేడం అనేవాళ్ళు. చాటుగా కాదు, మొహం మీదే అనేవాళ్ళు, ఆమె కూడా పలికేది. ఆమె ముక్కేమీ పెద్దది కాదు. సీసా మూత తీసి ఒక్కసారి వాసన చూసి, "ఇందులో మురుగు కలిసింది, రిపోర్టు కోసం ఆగకండి, ఆ వీధి కుళాయిలు ఇప్పుడే కట్టేయించండి" అని చెప్పగలిగేది. మిషన్లు మర్నాటికి తేల్చే సంగతి ఆమె నిలబడ్డ చోటే తేల్చేసేది. పంతొమ్మిదేళ్ళ సర్వీసులో రెండేసార్లు తప్పు చెప్పింది. ఆ రెండుసార్లూ ఆమెకు జలుబు.

అలాంటి ముక్కుతో ఉద్యోగం చెయ్యడం తేలికే, బతకడమే కష్టం. చిన్నప్పుడు చుట్టాలింటికి వెళ్తే వాళ్ళ గ్లాసుతో నీళ్ళు తాగేది కాదు. గుడ్డు వాసన, తడి తువ్వాలు వాసన, నలుగురి చేతులు మారిన నోటు వాసన, అన్నీ కడుపులో తిప్పేవే. "నువ్వు పుట్టగానే ఏడవలేదే, ఛీ అన్నావు" అని వాళ్ళమ్మ ఎగతాళి చేసేది. పెళ్ళయ్యాక కూడా మారలేదు. భర్త బస్సు డిపోలో మెకానిక్కు. గ్రీజు చేతులతో ఇంట్లోకొస్తే తలుపు గొళ్ళెం కూడా ముట్టుకోనిచ్చేది కాదు. ముందు రంపపు పొట్టు, తర్వాత సబ్బు, ఆ తర్వాతే గడప దాటడం.

ఆమె సైకిలు తొక్కడానికి కారణం కూడా ఇదే. ల్యాబు దాకా బస్సుంది. కానీ ఎవరో లేచివెళ్ళిన సీటు ఇంకా వెచ్చగా ఉంటే ఆమె కూర్చోలేదు. ఆ వెచ్చదనం ఎవరిదో, ఎక్కడిదో అని తలుచుకుంటే ఒళ్ళు జలదరించేది. సైకిలు సీటు వెచ్చగా ఉందంటే అది తన వల్లే. అంతవరకూ భరించగలదు.

ల్యాబు జీపు మూలపడి రెండేళ్ళయింది. అప్పట్నుంచి ఎవరి దారిలో ఉన్న శాంపిళ్ళు వాళ్ళే తేవాలని పైనుంచి ఆర్డరు. ఆమె దారిలో ఐదు వీధి కుళాయిలు, చివర్న శుద్ధి చేసిన మురుగు నీళ్ళను కాలవలోకి వదిలే ఒక తూము. పొద్దున్నే ఆరు సీసాలు నింపి, మూతలు బిగించి, కాలవ సీసాను విడిగా రెండు కవర్లలో చుట్టి, అన్నీ వీపు సంచీలో వేసుకుని తొక్కుకుంటూ వెళ్ళేది. సంచీ పై అరలో భోజనం డబ్బా. ఆ ఏర్పాటు ఆమెకే రోతగా ఉండేది. కానీ ఆఫీసు ఇచ్చింది సీసాలే, సంచీ ఇవ్వలేదు.

ఎండాకాలంలో ఒక పొద్దున జరిగిందది. ముందు చెత్త లారీ పోతోంది. కంపు భరించలేక ఆమె ఊపిరి బిగబట్టి, గట్టిగా తొక్కి దాన్ని దాటేసింది. దాటినా కంపు పోలేదు. ఇంకొంచెం వేగంగా తొక్కింది. కంపు కూడా అంతే వేగంగా వచ్చింది. లారీ ఎక్కడో వెనక సిగ్నలు దగ్గర ఆగిపోయింది గానీ వాసన మాత్రం ఆమెతోనే ఉంది. వీపు మీద చెమట కారుతోందనుకుంది. ల్యాబు గేటు దగ్గర దిగి సంచీ తీసేసరికి తెలిసింది, అది చెమట కాదు. కాలవ సీసా మూత అడ్డంగా బిగుసుకుంది. సగం సీసా కవర్లు దాటి, సంచీ దాటి, ఆమె జాకెట్టు దాటి నడుం దాకా దిగింది. కుదుపులకి పై అరలోకీ చిమ్మి, భోజనం డబ్బా అంచు కింద ఆకుపచ్చ నీళ్ళు మెరుస్తున్నాయి.

ఆ రోజంతా ల్యాబు కోటు ఒక్కటే తొడుక్కుని, మెడదాకా గుండీలు పెట్టుకుని పనిచేసింది. డబ్బాను తెరవకుండానే చెత్తలో పడేసింది. అన్నం, కూర, డబ్బా, చెంచా, అన్నీ. సాయంత్రం ఇంటికెళ్ళి మూడుసార్లు తలంటుకుంది. భర్త గుమ్మంలో రంపపు పొట్టుతో చేతులు రుద్దుకుంటూ అన్నాడు.

"రోజూ నువ్వు చేసే పనే కదే. ఇవాళ కొంచెం దగ్గరికొచ్చింది, అంతే."

పడుకునేదాకా ఆమె అతనితో మాట్లాడలేదు. పడుకునేముందు మాత్రం ఒక మాట చెప్పింది.

"ఏవండీ, సైకిలుకి రెండువైపులా వేలాడే సైడు బ్యాగులు కావాలి నాకు. ఒకవైపు సీసాలు, ఇంకోవైపు నా అన్నం. మధ్యలో చక్రం ఉండాలి."

ఆదివారం పెద్ద సైకిళ్ళ షాపుకి వెళ్ళింది. అద్దాల బీరువాలో ఒక జత ఉంది. నల్లటి దళసరి గుడ్డ, మెరిసే పట్టీలు, ముట్టుకుంటే మెత్తగా, వాసనే లేకుండా. ధర చీటీ చూసి చెయ్యి కాలినట్టు వదిలేసింది. ఆ ధరకి ఆమె తొక్కే సైకిళ్ళు రెండొస్తాయి.

షాపాయన ఆమె మొహం చూసి సంగతి పట్టేశాడు. "చవకలో చూపిస్తా మేడం, రండి" అని వెనక గదిలోకి తీసుకెళ్ళాడు. అక్కడ రెక్సిను బ్యాగులు మేకులకి వేలాడుతున్నాయి. కాలిన టైరుకి చవక సెంటు పూసినట్టుంది వాటి వాసన.

"ఈ వాసనేంటండీ?"

"కొత్తది కదా మేడం. రెండు రోజుల్లో పోద్ది." అంటూనే ఆయన ముక్కు కింద వేలితో తుడుచుకుని, అదే వేలితో జిప్పు లాగి లోపలి అర చూపించాడు. అరలో ఎవరిదో పొడుగాటి వెంట్రుక. ఆమె ఒకడుగు వెనక్కి వేసింది. అయినా వచ్చిన పని గుర్తుచేసుకుని అడిగింది.

"వానకి తడవదా?"

"చుక్క దిగదు మేడం. నాదీ గ్యారంటీ."

ఆమె చేతిసంచీలోంచి మంచినీళ్ళ సీసా తీసి, ఆయన వద్దనేలోపు బ్యాగులో సగం పోసింది. బ్యాగును పైకెత్తి పట్టుకుని నిలబడింది. ఇద్దరూ చూస్తూ ఉన్నారు. నిమిషం కూడా కాలేదు, అడుగు కుట్టు వెంబడి చుక్కలు మొదలై షాపాయన చెప్పుల మీద పడ్డాయి.

ఆయన ఏమాత్రం తడుముకోలేదు. "మీరు లోపల పోశారు మేడం. వాన బయట్నించి కదా కురిసేది!"

"లోపలి నీళ్ళు బయటికొచ్చిన దారిలో బయటివి లోపలికి రావా?"

"అట్లా ఆలోచిస్తే ఏ బ్యాగూ కొనలేరు మేడం."

అలా ఆలోచించే ఆమె కొనకుండా వచ్చేసింది. ఇంటికెళ్ళి చేతులు కడుక్కుంది. ఆ సెంటు వాసన వేళ్ళకి పట్టి సోమవారం దాకా ఉంది.

మర్నాడు భర్త డిపో బయట పేవ్‌మెంటు మీద బేరమాడి ఒక ఖాకీ జత తెచ్చాడు. వాసన లేదు. ధర చెబితే నవ్వొచ్చేంత తక్కువ. "చూశావా, నీకు కొనడం రాదు" అన్నాడు. ఆ బ్యాగులు క్యారియరుకి తగులుకునే కొక్కేలు బట్టలారేసే తీగంత సన్నంగా ఉన్నాయి. పైగా బ్యాగు మరీ ముందుకొచ్చి, పెడలు తిప్పిన ప్రతిసారీ ఆమె మడమ దానికి కొట్టుకునేది. టప్పు, టప్పు అంటూ మూడు రోజులు తొక్కింది. నాలుగో రోజు స్పీడు బ్రేకరు మీద ఒక కొక్కెం సాగిపోయింది. బ్యాగు ఊగి చక్రంలోకి దూరింది. సైకిలు అక్కడికక్కడ బిగుసుకుపోయింది. ఆమె పడలేదు గానీ, సీసాలు రోడ్డు మీద దొర్లాయి.

ఒక పెద్దమనిషి, తెల్లచొక్కా, బస్సు కోసం నిలబడి ఉన్నాడు. పరిగెత్తుకొచ్చి ఒక సీసా తీశాడు. మూత ఊడి సగం ఒలికిపోయింది. జేబులోంచి రుమాలు తీసి, సీసాను చుట్టూ శుభ్రంగా తుడిచి, మూత బిగించి ఆమె చేతికిచ్చాడు.

"కొంచెం పోయాయమ్మా. ఇంకా సగం ఉన్నాయి, తాగడానికి సరిపోతాయి."

ఎర్ర చీటీ సీసా. కాలవది. ఆమె నోరు తెరిచేలోపు బస్సొచ్చింది. ఆయన ఎక్కి కిటికీ పక్కన కూర్చుని, అదే రుమాలుతో నుదురు, మెడ, మూతి తుడుచుకుంటూ ఆమెకేసి చూసి చెయ్యూపాడు.

"సార్, ఆ రుమాలు! సార్!" అని ఆమె అరుస్తూనే ఉంది. బస్సు వెళ్ళిపోయింది.

ఆ మూతి తుడుచుకోవడం కళ్ళు మూసినా తెరిచినా కనబడింది. ఆయన ఆఫీసుకెళ్తాడు, ఆ రుమాలు మళ్ళీ తీస్తాడు, ఇంటికెళ్ళి మనవరాలి మొహం తుడుస్తాడేమో. మంచితనంతో వచ్చిన మనిషికి తన చేత్తో మురుగు పూసి పంపించింది. ల్యాబులో చెబితే కెమిస్టు సారు పొట్ట పట్టుకుని నవ్వాడు. ఆమెకు ఆయన నవ్వు చూసి కూడా రోత పుట్టింది.

నవ్వడం అయ్యాక ఆయనే ఒక దారి చెప్పాడు. "పెద్దాసుపత్రి ల్యాబు నోటీసు బోర్డు మీద చూశాను. సైకిలు మీద శాంపిళ్ళు మోసే ముసలాయన రిటైరయ్యాడట. బ్యాగులు అమ్ముతాడట. ఎడ్రసు రాసుకొచ్చాను, మీకు పనికొస్తుందేమోనని."

ఆ ఆదివారం ఆమె వెళ్ళింది. రెండు గదుల ఇల్లు. గుమ్మం బయట చెప్పులు గీత గీసినట్టు వరసలో ఉన్నాయి. లోపల నేల ఇంకా తడిగా ఉంది, ఆసుపత్రి ఫినాయిలు వాసన. ఆ ఇంట్లో అడుగు పెట్టగానే ఆమె ఊపిరి తేలిగ్గా ఆడింది. ఎవరింట్లోనూ అలా జరగలేదు.

ముసలాయన సన్నగా, గోళ్ళు మాంసం దాకా కత్తిరించుకుని ఉన్నాడు. జత బ్యాగులు బల్ల మీద పెట్టాడు. లారీల మీద కప్పే టార్పాలిను లాంటి దళసరి గుడ్డ, జిప్పు లేదు, నోరు మూడు మడతలు చుట్టి బిగించేది. కొక్కేలు వేలు మందం, మీట నొక్కితే తప్ప క్యారియరు వదలవు. బ్యాగు వెనక్కి ఏటవాలుగా కోసి ఉంది, మడమ తగిలే ప్రసక్తే లేదు. ధర అడిగితే ఆమెకు అందేదే చెప్పాడు. ఆమె సంతోషంగా లోపల చెయ్యి పెట్టి అడుగు తడిమింది.

"వీటిలో ఏం మోసేవాళ్ళు బాబాయ్?"

"ఇరవయ్యారేళ్ళు మోశానమ్మా. క్లినిక్కుల నుంచి పెద్దాసుపత్రికి. రక్తం, ఉచ్చ, కఫం. ఒక్కోసారి డబ్బాలో ఇంకేవో."

ఆమె చెయ్యి దానంతటదే బయటికొచ్చేసింది. వేళ్ళు విడదీసి, దేనికీ తగలకుండా గాల్లో పట్టుకుంది. ఆ వేళ్ళకేసి ముసలాయన చూశాడు.

"నువ్వేం మోస్తావమ్మాయ్?"

"నీళ్ళు."

"ఏం నీళ్ళు?"

"కుళాయి నీళ్ళు." కాస్త ఆగి, "కాలవవి కూడా" అంది.

"దేంట్లో మోస్తున్నావు?"

భుజాన ఉన్న పాత సంచీ చూపించింది. ఖాకీ జత పోయాక మళ్ళీ దానికే వచ్చింది. బాగా ఉతికే వాడుతోంది. ముసలాయన దాన్ని రెండు వేళ్ళతో పట్టుకుని, ముందు బల్ల మీద పాత పేపరు పరిచి, దాని మీద పెట్టాడు. తెరిచి, లోపలి గుడ్డను కుట్టు దగ్గర తిరగేసి, ముక్కు దగ్గర పెట్టుకున్నాడు.

"ఛీ" అన్నాడు.

నలభై మూడేళ్ళ జీవితంలో ఆమెను ఎవరూ ఛీ అనలేదు. అనేది ఎప్పుడూ ఆమే. మొహం జేవురించింది.

"నాలుగుసార్లు ఉతికాను బాబాయ్!"

"ఉతికింది గుడ్డని. కుట్టునెవరు ఉతికారు? ఇదిగో, ఈ మడతలో నల్లగా ఏంటది? అన్నం కూడా దీంట్లోనే పెట్టుకుంటావా?"

"కవర్లో చుట్టి..."

"ఎబ్బే! నా బ్యాగులు నీకివ్వనమ్మా. ఇలా పెట్టుకునే మనిషికి ఇస్తే నెల తిరక్కుండా పాడుచేస్తావు."

"ఉచ్చ మోసిన బ్యాగుల్ని నేను పాడుచేస్తానా? పంతొమ్మిదేళ్ళుగా ల్యాబులో పనిచేస్తున్నాను. శుభ్రమంటే నాకు మీరు చెప్పాలా?"

"ల్యాబులో ఉన్నదానివి కదా, పరీక్ష చెయ్యి మరి." ఆయన ఒక బ్యాగు తీసి ఆమె ముందుకు తోశాడు. "తీసుకెళ్ళు. కానీ నీదీ చెయ్యాలి. పక్కపక్కనే పెట్టి చెయ్యాలి. ఏమొచ్చిందో నిజం చెప్పాలి."

ఆ పంతంతోనే ఆమె సోమవారం పొద్దున పనిలోకి దిగింది. సూక్ష్మజీవులు పెరగడానికి జెల్లీ పోసి ఉంచే గాజు పళ్ళేలు ల్యాబులో ఉంటాయి. గడువు దాటి పారెయ్యాల్సినవి రెండు తీసింది. శుభ్రం చేసిన దూదిపుల్లతో ముసలాయన బ్యాగు అడుగు మూలలు, కుట్లు రాసి ఒక పళ్ళెం మీద గీసింది. తన సంచీ పై అర, అంటే భోజనం పెట్టుకునే చోటు, రాసి రెండో దాని మీద గీసింది. వెచ్చటి పెట్టెలో పెట్టి తలుపు మూసింది. ఉచ్చ మోసిన బ్యాగు ఏమేం పెంచబోతోందో ఆ ముసలాయనకి చూపించాలని ఆ రోజంతా ఎదురుచూసింది.

మంగళవారం ఆమె వచ్చేసరికి కెమిస్టు సారు అప్పటికే పెట్టె తెరిచి, ఒక పళ్ళేన్ని వెలుతురుకి ఎత్తి చూస్తున్నాడు.

"ఈ శాంపిలుకి నంబరు లేదేంటి? ఏ తూము ఇది? ఇంత దరిద్రంగా ఈ మధ్యకాలంలో చూళ్ళేదు."

పళ్ళెం నిండా పసుపు, తెలుపు చుక్కలు. ఒకదాని మీద ఒకటి ఎక్కి జిడ్డులా మెరుస్తున్నాయి. అంచున బూజు కూడా. మూత వేసి ఉన్నా వాసన ఆమె ముక్కుకి అందింది.

"అది తూము కాదు సార్."

"మరి?"

"నేను అన్నం పెట్టుకునే సంచీ."

ఆయన పళ్ళెం మెల్లగా కింద పెట్టాడు. ఆ మధ్యాహ్నం భోజనాల గదిలో రోజూ ఆమె ఎదురుగా కూర్చునే కెమిస్టు సారు, ఏదో ఫోను మాట్లాడుతున్నట్టు వెళ్ళి కిటికీ దగ్గర బల్ల మీద కూర్చున్నాడు. ఆమె ఆయన్ని తప్పు పట్టలేకపోయింది. తనైనా అదే పని చేసేది, ఫోను నటన కూడా లేకుండా.

రెండో పళ్ళెంలో రెండంటే రెండే చుక్కలు, అవీ చీమ తలకాయంత.

డబ్బా ముందు పెట్టుకుని కూర్చుంది గానీ ముద్ద దిగలేదు. రెండేళ్ళుగా ఆ అరలోంచి తీసుకుని తిన్న ప్రతి ముద్దా వరసగా గుర్తొచ్చింది. ఊళ్ళో అందరి గ్లాసులూ, అందరి సీట్లూ, మొగుడి చేతులూ వాసన చూసిన ముక్కు తన వీపున వేలాడుతున్నదాన్ని పట్టుకోలేకపోయింది. ఎందుకో ఆమెకు తెలుసు. ఒకే వాసనలో ఎక్కువ కాలం ఉంటే ముక్కు దాన్ని పట్టించుకోవడం మానేస్తుంది. కొత్తగా చేరినవాళ్ళకి ఈ పాఠం ఆమే చెబుతుంది. ఇంటికెళ్ళాక భర్త గ్రీజు చేత్తో తలుపు నెట్టుకుని వచ్చేస్తే ఆ ఒక్కరోజూ ఏమీ అనలేదు. అతనే కంగారుపడి, "ఏమే, ఒంట్లో బాగాలేదా?" అని వెనక్కెళ్ళి చేతులు కడుక్కుని వచ్చాడు.

ఆదివారం ఆ బ్యాగూ, డబ్బూ పట్టుకుని ముసలాయన దగ్గరికి వెళ్ళింది. నిలబడే ఉండి చెప్పింది.

"నాది లెక్కపెట్టడానికి వీల్లేనంత వచ్చింది బాబాయ్. మీదాంట్లో రెండే చుక్కలు."

ఆమె అనుకున్నది వేరు. ఆయన గెలిచానని నవ్వుతాడనుకుంది. ముసలాయన మొహం పాలిపోయింది.

"రెండా? ఎక్కణ్ణించి వచ్చాయి?"

"రెండంటే ఏమీ లేనట్టే బాబాయ్. ఆపరేషను బల్ల మీద కూడా..."

"ఏ మూలమ్మాయ్? ఎడం మూలా, కుడి మూలా?"

ఆమెకు గుర్తులేదు. ఆయన బ్యాగును లాక్కుని, పెరట్లో కూర్చుని, లోపలిది బయటికి తిరగేసి, పళ్ళు తోముకునే బ్రష్షుతో కుట్టు కుట్టూ రుద్దడం మొదలుపెట్టాడు. ఛీ, ఛీ అని తనలో తను అనుకుంటూనే ఉన్నాడు. వంటింట్లోంచి ఆయన భార్య తొంగిచూసి ఆమెతో అంది.

"తీసుకుపో తల్లీ, పుణ్యముంటుంది. రిటైరయ్యి ఎనిమిది నెలలయింది. ఖాళీ బ్యాగుల్ని ప్రతి శనివారం ఇలాగే కడుగుతున్నాడు. చూళ్ళేక నేనే నోటీసు పెట్టించాను."

ముసలాయన తలెత్తలేదు. ఆమె పక్కన గొంతుక్కూర్చుంది. ఆయన రెండో బ్రష్షు ఆమె చేతికిచ్చాడు. బ్లీచింగు ఎంత కలపాలో, తిరగేసి ఎండలో ఎంతసేపు ఉంచాలో, మడతల నోరు ఏ వైపు ఆరబెట్టాలో చూపించాడు. ఇద్దరూ గంటసేపు కడిగారు. ఆ తర్వాత డబ్బు లెక్కపెట్టకుండానే జేబులో వేసుకుని, బ్యాగుల్ని తన చేత్తోనే ఆమె సైకిలుకి తగిలించి, మీటలు రెండుసార్లు నొక్కి చూశాడు.

ఎడమవైపు సీసాలు, కుడివైపు భోజనం. మొదటి వానలో లోపల చుక్క దిగలేదు. ఆమె మారిందా అంటే, లేదు. రోడ్డు మీద ఉమ్మేసేవాళ్ళని చూస్తే ఇప్పటికీ సైకిలు ఆపి తిడుతుంది. తేడా ఒక్కటే. నెలకోసారి తన వస్తువుల్ని తనే దూదిపుల్లతో రాసి పరీక్షకి పెడుతుంది. డబ్బా మూత, చెప్పుల అట్ట, ఫోను, చివరికి కళ్ళజోడు ముక్కు దగ్గర ఆనే చోటు కూడా. వచ్చిన సంఖ్య ముసలాయనకి ఫోనులో చెబుతుంది. ఒకసారి బ్యాగుకి పదకొండు వచ్చాయంటే ఆయన ఫోను పెట్టేశాడు, వారం పాటు ఎత్తలేదు.

ఏడాది తిరిగాక ఆయనకి తుంటి ఎముక విరిగింది. పెద్దాసుపత్రిలోనే చేర్చారు. ఆమె చూడ్డానికి వెళ్తే, మంచం మీద ఒక పక్కకి ఒదిగి, దుప్పటికి ఎక్కడా తగలకుండా ముడుచుకుని ఉన్నాడు.

"నొప్పిగా ఉందా బాబాయ్?"

"నొప్పి సంగతి తర్వాత. ఈ దుప్పటి చూడమ్మాయ్. ఉతికామంటారు."

ఆమె వంగి, దుప్పటి అంచు మడత విప్పి, వాసన చూసింది.

"ఛీ" అంది.

"కదూ! చెబితే వీళ్ళకి అర్థం కాదు. ముక్కున్న మనిషి లేడు ఈ వార్డులో."

నర్సు వచ్చి ఏంటని అడిగింది. ఆమె ఆ మడత చూపించి, ఇది ఏ నీళ్ళతో ఉతికారో తనకి తెలుసని, కావాలంటే రేపటికల్లా కాగితం మీద రాసిస్తానని చెప్పింది. నర్సు మూతి తిప్పుకుని వెళ్ళిపోయింది. ఆమె కిందికి దిగి, సైకిలు కుడి బ్యాగులోంచి ఇంటినుంచి తెచ్చిన ఉతికిన దుప్పట్లు రెండు తీసుకొచ్చింది. ముసలాయన్ని ఒక పక్కకి మెల్లగా ఒత్తిగిలించి, పాతది రెండు వేళ్ళతో లాగి, బకెట్లో పడేసింది.

"చేతులు కడుక్కున్నావా?" అన్నాడాయన.

ఆమె కొత్త దుప్పటి మంచం కాళ్ళ దగ్గరే వదిలేసి, కుళాయి ఎక్కడుందో వెతుక్కుంటూ వెళ్ళింది.